గోడ మీది ఉగ్గాని

పనిలో ఉన్న రోజుల్లో నేను ఇడ్లీలకు ఆవిరి పెట్టేవాణ్ణి. పొయ్యి మీద పెట్టేది వంటమనిషి, గోడ మీద పెట్టేది నేను. తెల్లరంగులో పిసరంత నీలం కలిపి, బ్రష్షును పాతగుడ్డకు బాగా తుడిచేసి, రంగు ఉందా లేదా అన్నట్టున్న ఆ బ్రష్షుతో పైకి రెండు మెలికలు తిప్పితే చాలు, ఇడ్లీ అప్పుడే దింపినట్టు పొగలు కక్కేది. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల దాకా, ఇటు అహోబిలం దారి పొడుగునా, ఏ హోటలు గోడ మీద పొగలు కక్కే ఇడ్లీ కనిపించినా అది నా చేతిదే. ఇప్పుడు వెతక్కండి, దొరకదు. ఫ్లెక్సులు వచ్చి అన్నిటినీ కప్పేశాయి.

ఫోను మీద వేలు ఆడిస్తే బొమ్మ ఊడిపడే కాలంలో ఉన్నారు మీరు. ఇదీ ఒక ఉద్యోగమేనా అనుకుంటారు. ఉద్యోగమే నాయనా. పింఛను లేదు, సన్మానం లేదు, రిటైరైన రోజు శాలువా కప్పేవాడు లేడు. మిగతాదంతా ఉద్యోగమే.

గోడపని ఇద్దరిది. బొమ్మ నాది, అక్షరం ఇంకొకాయనది. ఊళ్ళో మమ్మల్ని పేర్లతో పిలిచినవాళ్ళు లేరు. నేను బొమ్మలాయన, ఆయన అక్షరాలాయన. చర్చి గోడ మీద వాక్యమైనా, ఎరువుల కొట్టు బోర్డయినా, పెళ్ళిబస్సు అద్దమైనా ఆయన రాస్తే అచ్చుగుద్దినట్టు ఉండేది. తప్పు రాసి ఎరగడు. పూరి అనాలా పూరీ అనాలా అని హోటలు ఓనర్లతో గంటలకొద్దీ వాదించేవాడు. ఆ వాదించేది కూడా పూరీ నములుతూనే. భార్య చిన్న వయసులోనే పోయింది, పిల్లల్లేరు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, వంట నేర్చుకోలేదు. మా ఇంటి వాకిట్లో రంగు డబ్బాలు పెట్టుకునే రేకుల షెడ్డులోనే ఒక మంచం వేసుకుని ఉండేవాడు. ఊళ్ళో హోటళ్ళన్నీ ఆయన వంటిళ్ళు.

మా పనిలో శాంపిల్ ప్లేటు అని ఒక పద్ధతి ఉంది. ఏ తిండి బొమ్మ వెయ్యాలో ఆ తిండి ఒక ప్లేటులో పెట్టి ఓనరు మా ఎదురుగా స్టూలు మీద ఉంచాలి. దాన్ని చూసి నేను బొమ్మ వేస్తాను. బొమ్మ పూర్తయ్యాక ప్లేటు మాది, ఇద్దరం పంచుకుని తినాలి. అది పద్ధతి. జరిగేది వేరు. నేను గోడకేసి తిరిగి దోసె అంచుకు ఎరుపు పెట్టి వెనక్కి చూసేసరికి స్టూలు మీద దోసెకు అంచు ఉండేది కాదు. మధ్యలో మడత వేసి చూసేసరికి దోసే ఉండేది కాదు.

"దోసె యాడప్పా?" అనేవాణ్ణి.

"ఏ దోసె?" అనేవాడు, నోరు నిండా దోసె పెట్టుకుని.

నేను బ్రష్షు విసిరేసి కేకలేసేవాణ్ణి. ఆయన ప్రార్థన చేసి మరీ తిన్నానంటాడు, దేవుడికి చెప్పి తిన్నదాన్ని దొంగతనం అనకూడదంటాడు. గల్లాపెట్టె దగ్గరి ఓనరు కూడా లేచొచ్చి మా తగాదా చూసేవాడు. నంద్యాల బస్టాండు దగ్గర ఒక ఓనరైతే మా గొడవ చూడ్డానికే రెండో ప్లేటు పెట్టించేవాడు. నా చెయ్యి ఈ జిల్లాలో అందరికంటే వేగం అని పేరు. గొప్ప కళాకారులను అడిగితే ఆకలి నేర్పింది అంటారు. నాకూ ఆకలే నేర్పింది, కాకపోతే అది పక్కవాడి ఆకలి.

ఇక మహమ్మారి సంగతికి వస్తాను.

లాక్‌డౌన్ పెట్టే ముందు రోజు మా ఆవిడ నంద్యాలలో తన చెల్లెలింట్లో శుభకార్యానికి పోయింది. బస్సులు నిలిచిపోయాయి, ఆమె అక్కడే ఉండిపోయింది. హోటళ్ళు మూసేశారు. నా వంటమనిషి నంద్యాలలో చిక్కుకుంది, అక్షరాలాయన వంటిళ్ళన్నిటికీ తాళాలు పడ్డాయి. ఆయనకు రెండో దెబ్బే పెద్దది. మొదటి రోజు మాస్కు కట్టుకుని హోటళ్ళ వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచొచ్చి, అయినవాళ్ళను సాగనంపి వచ్చినట్టు మంచం మీద కూలబడ్డాడు.

ఆ దినాల్లోనే మునిసిపాలిటీ ఆఫీసు నుంచి మాకు కబురొచ్చింది. నాలుగు రోడ్ల కూడలిలో, రోడ్డు మీద, లారీ చక్రమంత కరోనా బొమ్మ వెయ్యాలి. కింద ఇంట్లోనే ఉండండి అని రాయాలి. చూసిన జనం జడుసుకోవాలి. ఫ్లెక్సు షాపులు మూతపడ్డాయి కాబట్టి మేము గుర్తొచ్చాం. చాలా ఏళ్ళ తర్వాత ప్రభుత్వానికి మాతో పని పడిందని ఇద్దరం ఉతికిన చొక్కాలు వేసుకుని పోయాం.

నేను వేసింది మంచి బొమ్మే. గుండ్రంగా ఎర్రటి ముద్ద, చుట్టూ బుడిపెలు. కానీ జీవితమంతా తిండి బొమ్మలు వేసిన చెయ్యి కదా, ఏది గుండ్రంగా కనిపించినా దానికి పై భాగాన కాస్త నూనె మెరుపు పెట్టకపోతే ఊరుకోదు. మెరుపు పెట్టాను. పెట్టాక కాస్త కరకరలాడే అంచు కూడా పెట్టాను. అది నా వశంలో లేదు. కాపలా ఉన్న కానిస్టేబులు చుట్టూ తిరిగి చూసి, "ఏందప్పా ఇది? చూస్తాంటే ఆకలైతాంది," అన్నాడు.

ఆఫీసరు వచ్చి తల పట్టుకున్నాడు. రంగు మార్చమన్నాడు. ఆకుపచ్చ వేశాను, ఆకాకరకాయ అయి కూర్చుంది. ఊదారంగు వేశాను, గుత్తి వంకాయకు నూనె కారుతున్నట్టుంది. పాలకొచ్చిన జనం బొమ్మ చుట్టూ గుమికూడి ఏ కూరో తేల్చుకోలేక వాదులాడుకుంటుంటే, వాళ్ళను తరమడానికి కానిస్టేబులు లాఠీ ఎత్తాల్సి వచ్చింది. అక్షరాలాయన మోకాళ్ళ మీద కూర్చుని, బ్రష్షు పట్టుకుని, చాలా గంభీరంగా నన్నడిగాడు.

"కింద ఏం రాయమంటావన్నా? ఇంట్లోనే ఉండండి అనా, వేడివేడిగా దొరుకును అనా?"

ఆఫీసరు కూడా నవ్వాడు. బొమ్మ అలాగే ఉంచేశారు. మహమ్మారి కాలంలో మా ఇద్దరి ప్రజాసేవ అంతే.

ఇంటికొస్తే అసలు కష్టం మొదలు. నాకు టీ పెట్టడం తప్ప ఏమీ రాదు, ఆ టీ కూడా తాగినవాళ్ళు మళ్ళీ అడిగింది లేదు. మా ఆవిడ నంద్యాల నుంచి ఫోనులో వంట చెప్పేది.

"ఉప్పు ఎంతెయ్యాల?"

"తగినంత."

"తగినంత అంటే ఎంతమ్మే?"

"ఎంత తగితే అంత. ఇన్నేండ్లు నా చేతి కూడు తిన్నావు గదా, నాలిక యాడ పెట్టి తిన్నావు?"

నాలుకతో నాకెప్పుడూ పని పడలేదు. నా పనంతా కళ్ళతో. అందుకని నేను రంగు చూసి వండాను. ఇక్కడే కొంప మునిగింది. గోడ మీద ఉగ్గాని, అంటే మా సీమ బొరుగుల ఉప్మా, వేసేటప్పుడు మేము పసుపు ఉన్నదున్నట్టు వెయ్యం. ఎర్రబస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడికి, బస్సు ఆగకముందే, దుమ్ములోంచి కనపడాలి కాబట్టి రెండింతలు పసుపు పెంచి వేస్తాం. చట్నీ పచ్చదనం పెంచుతాం, కారంపొడి ఎరుపు పెంచుతాం. ఏళ్ళ తరబడి అలా వేసీ వేసీ నా కళ్ళకు అదే అసలు ఉగ్గాని రంగు అయిపోయింది. బాణలిలో బొరుగులు వేసి తిప్పుతుంటే రంగు చాలనట్టే ఉంటుంది. ఇంకో చెంచా పసుపు. ఇంకో చెంచా. గోడ మీది బొమ్మకు సరిపోయేదాకా వేసి, ఆహా అనుకుని దించేవాణ్ణి. నాకు తెలిసి, తన బొమ్మలను చూసి తానే మోసపోయిన పెయింటరును నేనొక్కణ్ణే.

పైన కొత్తిమీర మాత్రం ఎంత అందంగా చల్లేవాణ్ణో చెప్పలేను. నిమ్మచెక్క ఒక పక్కకు, మిరపకాయ బజ్జీలు ఏటవాలుగా. అక్షరాలాయన వరండాకు ఆ చివర కూర్చుని, కళ్ళు మూసి ప్రార్థన చేసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు.

"మళ్ళీ ప్రార్థనేందప్పా?"

"మొదటిది కూడు పెట్టినందుకు. ఇది మింగేదానికి."

రాగి సంగటి అయితే రంగు కలిపే కట్టెతో తిప్పాను. ముద్దలు కట్టకూడదని ఎవరో చెప్పగా విని, డిస్టెంపరు కలిపినంత నున్నగా కలిపాను. ఆయన వేలితో కాస్త తీసుకుని అరచేతిలో రాసి చూసి, "లప్పం బాగా కుదిరిందన్నా. గోడకు పెడితే రెండు వానలకు తట్టుకుంటాది," అన్నాడు. లప్పం అంటే గోడల చీలికలు పూడ్చడానికి మేము పెట్టే మెత్తటి ముద్ద. అయినా మొత్తం తిన్నాడు. నన్ను తిడుతూ తినడమంటే ఆయనకు ఇష్టం. ఇన్నేళ్ళు హోటళ్ళలో నేను తిట్టాను, ఇప్పుడు తన వంతు వచ్చిందన్నాడు. నిజం చెప్పాలంటే ఆ రెండు నెలలూ మేము సుఖంగానే ఉన్నాం. ఊరంతా భయపడుతున్న రోజుల్లో ఆ మాట బయటికి చెప్పుకోలేకపోయాం గానీ, ఉన్నాం.

ఎండలు పోయి వానలు మొదలయ్యే వేళకు జబ్బు మా వీధికే వచ్చింది. వీధి మొదట్లో కర్రలు అడ్డం కట్టారు. బస్సులు తిరుగుతున్నా మా ఆవిడ రాలేకపోయింది. ఆ వారమే అక్షరాలాయనకు జ్వరం తగిలింది. మా వీధులు చూసే నర్సమ్మ ఉండేది, తల నుంచి కాళ్ళ దాకా తెల్ల ప్లాస్టిక్ తొడుక్కుని వచ్చేది. పరీక్ష చేయించి, జబ్బు ఉందనీ, ఊపిరి మాత్రం బాగానే ఆడుతోందనీ, షెడ్డులోనే విడిగా ఉండమనీ చెప్పింది. షెడ్డుకు వరండా వైపు ఒక చువ్వల కిటికీ ఉంది. నేను అన్నం కిటికీ గట్టు మీద పెట్టి దూరం జరిగితే ఆయన తీసుకునేవాడు.

మూడోనాడో నాలుగోనాడో చారు నోట్లో పోసుకుని, "అన్నా, ఈ పొద్దు నీ వంట బాగుండాది," అన్నాడు.

నేను పొంగిపోయాను. పసుపు ఎక్కువైందనలేదు, లప్పం అనలేదు. "నిజంగానా?" అన్నాను.

"నిజం. రుచి ఏమీ తెలీడం ల్యా."

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ నవ్వు రెండు రోజులు కూడా నిలవలేదు. జ్వరం తగ్గింది, తిండి మాత్రం లోపలికి పోలేదు. అన్నం మట్టిలా ఉందన్నాడు. పులుసు నీళ్ళలా ఉందన్నాడు. తర్వాత ఏమీ అనడం మానేశాడు. పెట్టిన ప్లేటు పెట్టినట్టే కిటికీ మీద ఉండేది. నిమ్మకాయ ఊరగాయ పెట్టాను, కోడిగుడ్డు పులుసు పెట్టాను, ఎదురింటివాళ్ళు పంపిన కోడికూర పెట్టాను. కాకులు తిన్నాయి. ఊళ్ళో ఏ హోటలు ముందు ఏ వాసన వస్తే ఏ పొయ్యి మీద ఏం ఉందో చెప్పగలిగిన మనిషి, గోడకేసి తిరిగి పడుకుని, తిండి మాట ఎత్తితే దుప్పటి ముసుగేసుకుంటున్నాడు. మనిషి ఎముకల గూడు అయిపోయాడు. నాకు భయం వేసింది. అంత భయం నా జన్మలో ఎప్పుడూ వేయలేదు.

నర్సమ్మ కిటికీలోంచి చూసి నన్ను పక్కకు పిలిచింది.

"ఊపిరి బాగుండాదన్నా. కడుపులో ఏమీ ల్యా. ఇట్లయితే నేను ఈడ పెట్టుకోలేను. రేపు మధ్యానానికి ఏమన్నా తింటే సరే. ల్యాకుంటే బండి పిలిపించి నంద్యాల ఆస్పత్రికి పంపిస్తా. ఆడ నరానికి సెలైన్ ఎక్కిస్తారు."

ఆమె చెప్పింది మంచిమాటే. కానీ అక్షరాలాయన లోపలి నుంచి విన్నాడు. ఆ రోజుల్లో ఆస్పత్రికి పోవడమంటే జనానికి ఎంత భయమో మీకు గుర్తుండే ఉంటుంది. ఆమె పోయాక చువ్వల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పంపొద్దన్నా. పోతే ఈడనే పోతా, మన డబ్బాల మధ్యన."

"అయితే తినప్పా! ఏం రోగం నీకు, తినడానికి?"

"ఆ రోగమే," అన్నాడు. అని నవ్వబోయి, ఓపిక లేక కూర్చుండిపోయాడు.

సాయంత్రం మా ఆవిడ ఫోను చేసింది. నేను ఏడుపు ఆపుకోలేక అంతా చెప్పాను. ఆమె ఓదార్చే మనిషి కాదు.

"ఎట్ల పెట్టినావ్ కూడు?"

"ఎట్లేంది? కిటికీలో పెట్టి, తినప్పా అని చెప్పినా. బతిమాలినా."

"అదీ నీ తెలివి. ఆయప్ప పెట్టింది తినే మనిషేనా? మన పెండ్లయినప్పట్నుంచి చూస్తాండా. తినొద్దంటే తింటాడు. ఇన్నేండ్లు ఆయప్ప రుచికి తిన్నాడనుకున్నావా? నువ్వు అరుస్తావు, అందుకు తిన్నాడు."

ఫోను పెట్టేసింది. పక్కనే ఉండి పనిచేసిన నాకు తట్టనిది, మా పనిచోటికి ఏడాదికి నాలుగుసార్లు టిఫిన్ క్యారియరు తెచ్చి ఇచ్చి పోయిన మనిషికి ఎలా తట్టిందా అనుకున్నాను. కొంచెం ఒళ్ళు మండింది కూడా.

మర్నాడు పొద్దున్నే బొరుగులు నానబెట్టాను. ఎక్కువ నానాయి. తాళింపు వేశాను, కాస్త మాడింది. పసుపు నా అలవాటు ప్రకారం వేశాను. బజ్జీలు వేశాను, ఒక్కటీ ఒక్క ఆకారంలో లేదు. కొత్తిమీర మాత్రం ఎప్పటిలాగే. ప్లేటు తీసుకుపోయి కిటికీ లోపలి గట్టు మీద, వెలుతురు పడేచోట పెట్టాను. దూరంగా జరిగి ప్లైవుడ్ ముక్క ఒకటి స్టూలుకు ఆనించి, రంగులు తెరిచాను.

"ఏం చేస్తాండావు?" దుప్పటి లోంచి గొంతు.

"మన బస్టాండు హోటలాయన ఫోను చేసినాడు. తెరుస్తాండాడంట. గోడకు కొత్త ఉగ్గాని బొమ్మ కావాలంట. ముందు ఒకటేసి చూపించమన్నాడు."

అబద్ధం. ఆయన మాకు పని ఇవ్వడం మానేసి ఫ్లెక్సు పెట్టుకుని ఎన్నో ఏళ్ళయింది. అక్షరాలాయనకూ తెలుసు.

"ఫ్లెక్సు పెట్టుకోమను."

"గోడే కావాలంటాండాడు. నీకెందుకు? గమ్మున పడుకో. ప్లేటు ఆడ పెట్టినా. బొమ్మ అయ్యేదాకా ముట్టినావంటే మర్యాదుండదు."

నేను గీత మొదలుపెట్టాను. ప్లేటు వంపు, బొరుగుల కుప్ప, మీద పడిన నీడ. ఒక కన్ను ప్లేటు మీద, ఒక కన్ను దుప్పటి మీద. దుప్పటి కదల్లేదు. నర్సమ్మ వచ్చే వేళ దగ్గరపడుతోంది. ఇది పనిచేసే పని కాదు, మా ఆవిడ మాట విని నేను పిచ్చివాణ్ణయ్యాను అనుకున్నాను.

"బొరుగులు గంజి మాదిరుండాయి," అన్నాడు దుప్పట్లోంచి.

"నువ్వు తినేది ల్యాగదా, ఎట్లుంటే నీకేమి?"

"హోటలాయనకు పేరు పోతాది."

లేచాడు. గోడ పట్టుకుని ఒక్కో అడుగు వేసి కిటికీ దగ్గరికొచ్చి చువ్వలకు నుదురానించి నా బొమ్మను చూశాడు. బొమ్మను తిట్టడానికే లేచాడని నాకు తెలుసు. నేను పట్టించుకోనట్టు కిందికి వంగి పసుపు కలిపాను. అవసరానికి మించి కలిపాను. తల ఎత్తి చూస్తే ప్లేటులో ఒక బజ్జీ తక్కువుంది.

"బజ్జీ యాడ?" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. దవడ మెల్లగా కదులుతోంది.

"ఏ బజ్జీ?"

అప్పుడు నేను అరిచిన అరుపులు ఇక్కడ రాయడానికి కుదరదు. పిల్లలు చదువుతారు. వాళ్ళ నాయన మొదలుకొని తాత ముత్తాతల దాకా ఎవరినీ వదల్లేదు. దొంగ అన్నాను, తిండిపోతు అన్నాను, నా బతుకులో ఒక్క ప్లేటు పూర్తిగా చూసి బొమ్మ వెయ్యనివ్వలేదన్నాను. ఎదురింటి మిద్దె మీద జనం నిలబడ్డారు. అరుస్తూనే ఏడుస్తున్నాను. మాస్కు ఉంది కాబట్టి సరిపోయింది. నేను అరుస్తుంటే ఆయన రెండో బజ్జీ తీసుకున్నాడు. నేను చెప్పు తీశాను. ఆయన ఉగ్గాని ఒక పిడికెడు తీసుకున్నాడు.

"రుచి యాడుందన్నా," అన్నాడు నములుతూ, దమ్ము తీసుకుంటూ. "మట్టే. నీ అరుపు ఇంటాంటే మింగుడుపడతాంది. ఆపొద్దు."

ఆపలేదు. నర్సమ్మ వచ్చేసరికి నేను చేతిలో చెప్పుతో, గొంతు బొంగురుపోయి, కిటికీ ముందు గంతులేస్తున్నాను.

"ఏమన్నా, మతి ఉండాదా? జబ్బు మనిషిని తిడతాండావు?"

"తిట్టనీమ్మా," అన్నాడు అక్షరాలాయన లోపలి నుంచి. "ఇది నా మందు."

ఆమె ప్లేటు చూసింది. నన్ను చూసింది. ఏమర్థమైందో ఏమో, బండికి ఫోను చేయలేదు. పోతూ పోతూ, "రేపు ఇడ్లీ బొమ్మ వెయ్యి, తేలిగ్గా అరుగుతాది," అంది.

అప్పట్నుంచి రోజుకొక హోటలాయన నాకు ఫోను చేసి బొమ్మ అడిగాడు. ఊళ్ళో ఒక్క హోటలూ తెరవలేదు. అక్షరాలాయన ఒక్కసారి కూడా ఏ హోటలని అడగలేదు. నేను ఇడ్లీ వేశాను, పప్పన్నం వేశాను, ఆమ్లెట్ వేశాను. ప్లైవుడ్ అయిపోతే అట్టల మీద వేశాను. పూటపూటకూ కొత్త తిట్లు కావాలి, పాతవాటికి ఆయన నమిలేది ఆపేసేవాడు. ఊళ్ళో అందరికీ జబ్బుతో గొంతు పోతే నాకు భోజనాలతో పోయింది. ఆయన బుగ్గలు కొద్దికొద్దిగా పూడుతున్నాయి. అయినా రుచి తెలియడం లేదనే అనేవాడు. కొందరికి రుచి ఎప్పటికీ రాదట అని ఎవరో అన్నారు. నేను ఆ మాట ఆయనకు చెప్పలేదు. తిని బతకడమే చాలనుకున్నాను, కానీ ఆ మనిషి నాలుక అలా చచ్చి ఉండటం తలచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

ఒక రోజు పొద్దున మళ్ళీ ఉగ్గాని పెట్టి, పాత ప్లైవుడ్ బొమ్మకే కొంచెం మెరుగులు దిద్దాను. వాన చినుకులు పడితే బొమ్మనూ రంగులనూ కిటికీ గట్టు మీదికి జరిపి, పెరట్లో ఆరేసిన గుడ్డలు తీయడానికి పోయాను. తిరిగొచ్చేసరికి బొమ్మ కింద అక్షరాలున్నాయి. జబ్బు పడ్డాక ఆయన బ్రష్షు పట్టడం అదే మొదలు. గీతలు వణికి వంకర్లు పోయాయి. అయినా హోటలు బోర్డులో ధరల పట్టిక రాసినట్టు ఒకదాని కింద ఒకటి రాశాడు.

పసుపు ఎక్కువ.
ఉప్పు తక్కువ.

నాకు చుర్రుమంది. పసుపంటే సరే, బొమ్మలో పసుపు పెంచుతానని ఒప్పుకుంటాను. ఉప్పేమిటి? నా బొమ్మలకు వంక పెట్టేవాళ్ళు ఎన్నో రకాలు, ఈ రకాన్ని మాత్రం చూడలేదు.

"బొమ్మలో ఉప్పు ఎట్ల కనబడతాదప్పా నీకు? కండ్లు కూడా పోయినాయా?"

ఆయన చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"బొమ్మలో కాదన్నా," అన్నాడు. "ప్లేట్లో."

నా తలకెక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక ఏం చేశానో సరిగా గుర్తు లేదు. వానలో వీధి మొదట్లోని కర్రల దాకా పరిగెత్తి, నా వంట బాగాలేదంట, నా వంట బాగాలేదంట అని అరిచానని ఎదురింటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఫోను తీసి మా ఆవిడకు చేశాను.

"ఉప్పు తక్కువైందంటాండాడే!" అన్నాను.

"రుచి తెలిసిందా ఆయప్పకు?"

"తెలిసిందే! పసుపు ఎక్కువంట!"

"అయితే బతికినాడు పో," అంది. ఆ తర్వాత ఫోను పెట్టకుండా, ఉప్పు ఎంతెయ్యాలో మొదటి నుంచి మళ్ళీ చెప్పింది.